దుర్భిణిలో దీపం

బైనాక్యులర్లలోకి, రైఫిల్ స్కోపుల్లోకి బుల్లి తెరలు వచ్చేశాయి. దూరం, దిక్కు, పక్షి పేరు, గుండు పడే చోటు అన్నీ కంటి ముందే మెరుస్తున్నాయి. ఆ మెరుపును మైక్రోవాట్ల లెక్కన పొదుపుగా వెలిగించడమెలా? సియాచిన్ మంచు నుంచి కడప చిట్టడవి దాకా ఎందరి చూపో ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

1630ల చివరి రోజులు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో విలియం గాస్కోయిన్ అనే యువకుడు రెండు కుంభాకార కటకాలతో సూర్యుడి మీద ప్రయోగాలు చేస్తున్నాడు. తెరిచి ఉంచిన దూరదర్శిని గొట్టంలోకి ఒక సాలీడు దూరి పోగు లాగింది. గాస్కోయిన్ కన్ను ఆనించి చూస్తే సూర్యబింబంతో పాటు ఆ పోగు కూడా గీత గీసినట్టు స్పష్టంగా కనిపించింది. కంటికి అంగుళాల దూరంలో ఉన్న పోగు, కోట్ల కిలోమీటర్ల అవతలి సూర్యుడు ఒకే చోట ఉన్నట్టు తోచాయి. కటకం సరిగ్గా ఎక్కడ ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుందో ఆ పోగు అక్కడే పడింది. ఆ చోటినే మనం భౌతికశాస్త్ర పుస్తకాల్లో నాభి తలం అని చదువుకున్నాం. అక్కడ ఏది ఉంచినా దృశ్యంలో కలిసిపోతుందని అతనికి అర్థమైంది. వెంట్రుకలు కట్టి నక్షత్రాలకు గురి చూడటం మొదలుపెట్టాడు. రాత్రి చీకట్లో ఆ వెంట్రుక కనిపించకపోతే లాంతరులో కొవ్వొత్తి వెలిగించి, దాని వెలుగు కాస్తంత గొట్టంలో పడేలా చేసేవాడు.

1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో గాస్కోయిన్ చనిపోయాడు. ఇవాళ స్కోపుల్లో డిస్‌ప్లే పెట్టే ఇంజినీర్లను నిద్రపోనివ్వని ప్రశ్నలు మాత్రం ఆ కొవ్వొత్తి దగ్గరే మొదలయ్యాయి. లోపల గుర్తు కనిపించాలంటే వెలుగు ఎక్కడి నుంచి తేవాలి? బయటి దృశ్యం మసకబారకుండా ఎంత తేవాలి?

ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు ఈ రంగంలో కరెంటు ప్రసక్తే లేదు. వెంట్రుక, సన్నని తీగ, సాలెపోగు, చివరికి గాజు మీద చెక్కిన గీత. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కూడా అమెరికాలో బ్లాక్ విడో సాలీళ్ల పోగును గురి చూసే పరికరాల్లో వాడారు. సన్నగా, గట్టిగా ఉంటుంది, ఎండకూ చలికీ తట్టుకుంటుంది. కాకపోతే అది ఒక్క గీతే. ఆ గీత దూరం చెప్పదు, దిక్కు చెప్పదు, చీకట్లో కనిపించదు.

యాభై మైక్రోవాట్ల చుక్క

ఆ గీతకు కరెంటు తోడైన కథలో పెద్ద మలుపు స్వీడన్‌లో వచ్చింది. ఎయిమ్‌పాయింట్ అనే కంపెనీ 1975లో ఎర్రచుక్క సైటును మార్కెట్లోకి తెచ్చింది. ఒక చిన్న ఎల్‌ఈడీ, దాని ముందు వంపు తిరిగిన అద్దం. ఆ అద్దం మీది పూత ఎల్‌ఈడీ విడుదల చేసే ఎర్రరంగును మాత్రమే కంటివైపు తిప్పుతుంది, మిగతా వెలుగును దాటిపోనిస్తుంది. చూసేవాడికి ఎదుటి దృశ్యం మీద ఒక ఎర్రచుక్క తేలుతూ కనిపిస్తుంది. చెప్పుకోవడానికి తేలికే. పరికరాన్ని బతికించే అసలు సంగతి బ్యాటరీ దగ్గర ఉంది. ఎల్‌ఈడీని సాధారణ సర్క్యూట్‌తో నడిపితే శక్తిలో చాలా భాగం వేడిగా పోతుంది. అందుకే తర్వాతి దశాబ్దాల్లో కంపెనీల పరిశోధన ఎక్కువగా ఆ చుక్కను నడిపే సర్క్యూట్ మీదే సాగింది. ఎల్‌ఈడీని కన్ను కనిపెట్టలేనంత వేగంగా వెలిగించి ఆర్పడం, వోల్టేజీని వృథా కాకుండా మార్చుకోవడం లాంటి పనులవి.

1997లో అమెరికా సైన్యం ఈ తరహా సైటును తీసుకుంది. తర్వాత వచ్చిన కాంప్ ఎమ్‌4 నమూనా ఒక్క ఏఏ బ్యాటరీతో, నిర్ణీత వెలుగు స్థాయిలో, 80,000 గంటలు ఆర్పకుండా వెలుగుతుందని తయారీదారు ప్రకటించాడు. అంటే తొమ్మిదేళ్ల పైచిలుకు. లెక్క వేసి చూద్దాం. ఏఏ బ్యాటరీలో సుమారు నాలుగు వాట్-గంటల శక్తి ఉంటుంది. దాన్ని 80,000 గంటలకు పంచితే సగటున వచ్చేది యాభై మైక్రోవాట్లు. మన ఇళ్లలో రాత్రంతా వెలిగే అర వాట్ జీరో బల్బు తినే కరెంటుతో ఇలాంటి చుక్కలు పది వేలు వెలిగించవచ్చు.

నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో మనసు పారేసుకోదగ్గ విజయం ఇదే. కృత్రిమ మేధ బైనాక్యులర్లు, లేజర్ స్కోపులు పత్రికల్లో పతాక శీర్షికలకెక్కుతాయి. యాభై మైక్రోవాట్ల చుక్క వెనక ఉన్న ఓపికను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. స్విచ్ వెతుక్కోవాల్సిన అవసరమే లేకుండా, పెట్టెలోంచి తీసిన క్షణానికి వెలుగుతూనే ఉండే పరికరం సైనికుడికి ఇచ్చే ధైర్యం అంతా ఆ పొదుపులోంచే వచ్చింది.

చుక్క దాటి అంకెల్లోకి వెళ్లగానే లెక్కలు మారిపోతాయి.

అంకె కావాలి, వెలుగు పోకూడదు

తుపాకీ గుండు సరళరేఖలో పోదు. సైన్యాలు వాడే మామూలు రైఫిల్ గుండు కూడా 500 మీటర్లు వెళ్లేసరికి మీటరుకు పైగా కిందికి దిగుతుంది. దూరం తెలియకపోతే ఎంత మంచి స్కోపైనా అంచనాతోనే పని. బైనాక్యులర్‌తో సరిహద్దు చూసే వాడికీ, కొండ మీద అడవి మంటను గమనించే వాడికీ దూరమే మొదటి ప్రశ్న. లేజర్ ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. కంటికి కనిపించని ఒక మెరుపు బయటికి వెళ్లి, లక్ష్యానికి తగిలి తిరిగి వస్తుంది. కిలోమీటరు దూరానికి ఆ రాకపోకలకు సెకనులో పది లక్షల వంతులు ఆరేడు పడతాయి. ఆ సమయాన్ని కొలిస్తే దూరం తెలిసిపోతుంది. జర్మనీకి చెందిన లైకా కంపెనీ 1992లో జియోవిడ్ పేరుతో ఇలాంటి బైనాక్యులర్‌ను తెచ్చింది. కళ్లు తీయకుండానే, చూస్తున్న దృశ్యం మీదే దూరం అంకెల్లో కనిపించింది.

లేజర్ ఒక్క క్షణం వెలిగి ఊరుకుంటుంది. అంకె మాత్రం మనిషి చదివేదాకా కొన్ని సెకన్లు వెలుగుతూ ఉండాలి. అందుకే పొదుపు గురించి ఆలోచించాల్సిన చోటు డిస్‌ప్లే దగ్గరికి వచ్చింది.

మొదట తోచే మార్గం ఎల్‌సీడీ. చేతి గడియారాల్లో, కాలిక్యులేటర్లలో మనం దశాబ్దాలుగా చూస్తున్నదే. అందులోని ద్రవ స్ఫటికం సొంతంగా వెలగదు. బయటి వెలుగుకు అడ్డుపడటమో, దారివ్వడమో మాత్రమే చేస్తుంది. కాబట్టి అది తినే కరెంటు అతి స్వల్పం. ఒక పారదర్శకమైన ఎల్‌సీడీ పలకను తీసుకెళ్లి నాభి తలంలో, ఒకప్పుడు సాలెపోగు ఉన్న చోటే పెడితే నల్లటి అంకెలు దృశ్యం మీద కనిపిస్తాయి. చవక దూరమాపకాలు చాలావాటిలో జరిగేది ఇదే.

ఇక్కడే చూపు నష్టపోతుంది. మామూలు ఎల్‌సీడీకి రెండు పక్కలా పోలరైజర్ పొరలుండాలి. వాటి స్వభావమే వచ్చిన వెలుగులో సగానికి పైగా మింగేయడం. ఆ సగం విలువ తెలియాలంటే కటకాల చరిత్ర కొంచెం చూడాలి. పూత లేని గాజు ఉపరితలం ప్రతి ఒక్కటీ దాదాపు నాలుగు శాతం వెలుగును వెనక్కి తిప్పేస్తుంది. ఒక బైనాక్యులర్ గొట్టంలో అలాంటి ఉపరితలాలు పన్నెండు ఉన్నాయనుకుంటే, చివరికి కంటికి చేరేది వందకు అరవై ఒక్క వంతులే. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా అనే శాస్త్రవేత్త ఈ నష్టాన్ని తగ్గించే పూతను కనిపెట్టాడు. అప్పటి నుంచి ఏడెనిమిది దశాబ్దాలు ఒక్కొక్క శాతాన్నీ కూడగట్టుకుంటూ వచ్చి, మేలు రకం బైనాక్యులర్లు ఇవాళ తొంభై శాతానికి పైగా వెలుగును కంటికి చేరుస్తున్నాయి. వాటి ధర లక్షల్లో ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే. అలాంటి గాజు మధ్యలో పోలరైజర్ పెడితే ఆ కష్టం అంతా ఒక్క పొరతో తుడిచిపెట్టుకుపోతుంది. మునిమాపు వేళ, అంటే బైనాక్యులర్ విలువ నిజంగా తెలిసే సమయంలో, దృశ్యం మసకబారుతుంది. నల్లటి అంకె చీకట్లో కలిసిపోతుంది. పైగా చలికి ద్రవ స్ఫటికం చిక్కబడి బద్ధకిస్తుంది. మైనస్ ఇరవై డిగ్రీలకు దిగేసరికి మామూలు రకాల్లో అంకెలు మారడానికే సమయం పడుతుంది.

రెండో దారి ఎల్‌ఈడీ. డిస్‌ప్లేను వెలుగు దారిలోంచి తప్పించి పక్కన పెడతారు. పట్టకం మీద ఒక ప్రత్యేకమైన పూత వేస్తారు. అది ఎర్ర అంకెల వెలుగును మాత్రమే కంటివైపు మళ్లిస్తుంది. దృశ్యంలోని మిగతా రంగులు మామూలుగా దాటిపోతాయి. దీనికీ మూల్యం ఉంది. ఆ ఎరుపులో కొంత భాగం దృశ్యంలోంచి కూడా తగ్గిపోతుంది కాబట్టి ఇలాంటి బైనాక్యులర్లలో లోకం లేత నీలి ఛాయ తిరిగి కనిపిస్తుంది. కొన్నవాళ్లలో చాలామంది చేసే ఫిర్యాదు ఇదే. పూత ఎంత సన్నని రంగు పట్టీని పట్టుకుంటే ఛాయ అంత తగ్గుతుంది. తయారీ అంత కష్టమవుతుంది.

మూడో దారి ఓఎల్‌ఈడీ. కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ప్రకటించిన ఈ పద్ధతిలో సన్నని సేంద్రియ పొరలే కరెంటుకు వెలుగుతాయి. వెనక దీపం అక్కర్లేదు. నల్లగా ఉన్న చుక్క అసలు వెలగదు కాబట్టి దాని ఖర్చు దాదాపు సున్నా. తెర నిండా నలుపు, మధ్యలో నాలుగు అంకెలు మాత్రమే ఉండే బైనాక్యులర్ పనికి ఇంతకన్నా తగిన పదార్థం కనిపించదు. మైనస్ నలభైలో కూడా ఇది చురుగ్గా పనిచేస్తుంది. అంకెలతో పాటు బాణాలు, అక్షరాలు, బొమ్మలు ఏవైనా చూపుతుంది. ఇప్పుడు మేలు రకం పరికరాలన్నీ క్రమంగా ఇటే మొగ్గుతున్నాయి.

కంటి లెక్క వేరు

డిస్‌ప్లే ఎంత వెలగాలన్నది ఇంజినీరు నిర్ణయించేది కాదు. బయటి ఆకాశం నిర్ణయిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ పడిన ఇసుకకూ, చంద్రుడు లేని రాత్రి నేలకూ మధ్య వెలుగు తేడా కోటి రెట్లకు పైగానే ఉంటుంది. ఇంత తేడాలోనూ మన కన్ను పనిచేస్తుంది. అదే అంకె మధ్యాహ్నం కనిపించాలి, అర్ధరాత్రి కళ్లు చెదరగొట్టకూడదు. అందుకే బయటి వెలుగును కొలిచి తనంతట తానే తగ్గే ఏర్పాటు ఉండాలి. సర్క్యూట్‌లో ఇది ఖరీదైన భాగమేమీ కాదు. అయినా పరికరం బాగుందో లేదో తేల్చేది తరచూ ఇదే.

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. కంటిలోని రాడ్ కణాలు మెల్లమెల్లగా మేల్కొంటాయి. ఒక్క తెల్లటి మెరుపు చాలు, అరగంట ఓపిక వృథా. రాడ్ కణాలకు ముదురు ఎరుపు దాదాపు కనిపించదు. అందుకే ఓడల్లో, విమానాల్లో, ఖగోళ వేధశాలల్లో రాత్రి దీపాలు ఎర్రగా ఉంటాయి. బైనాక్యులర్ అంకెలు ఎర్రగా ఉండటానికి కూడా ఇదొక కారణం. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. పాతికేళ్ల వాడి కనుపాప చీకట్లో ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అరవై దాటిన వారికి అది ఐదుకు అటూఇటూ ఆగిపోతుంది. 8×42 బైనాక్యులర్ నుంచి బయటికి వచ్చే కాంతి పుంజం వెడల్పు 42ను 8తో భాగిస్తే వచ్చే ఐదుంపావు మిల్లీమీటర్లు. అంకె వెలుగు కూడా ఈ పుంజం అంతటా సమంగా పరుచుకోవాలి. లేకపోతే కన్ను కాస్త పక్కకు జరిగితే చాలు, అంకె మాయమవుతుంది.

సైనికుడికి ఇంకో భయం ఉంది. లోపలి దీపం వెలుగు ముందు గాజులోంచి బయటికి జారితే ఎదుటివాడికి మన చోటు తెలిసిపోతుంది. వెలుగు తక్కువ ఖర్చు చేయడం ఇక్కడ బ్యాటరీ సంగతిని దాటి ప్రాణం సంగతి అవుతుంది. అందుకే ఈ పరికరాల్లో పొదుపును నేను గొప్ప గుణంగా చూస్తాను. తక్కువ కరెంటు తినే డిస్‌ప్లే అంటే తక్కువ వేడి, తక్కువ బరువు, చీకటికి అలవాటు పడిన కంటికి తక్కువ గాయం, శత్రువుకు తక్కువ ఆనవాలు. ఇవన్నీ ఒకే మూలం నుంచి వస్తాయి.

దృశ్యమే తెర అయినప్పుడు

థర్మల్ స్కోపు దగ్గరికి వచ్చేసరికి ఈ పొదుపుకు గట్టి పరీక్ష ఎదురవుతుంది. అది వేడిని చూస్తుంది. ఆ వేడి కిరణాలు మన కంటికి కనిపించవు. మామూలు గాజు వాటిని దాటనివ్వదు కూడా. కాబట్టి సెన్సర్ పట్టుకున్న ప్రతి చుక్కనూ తెర మీద మళ్లీ గీసి చూపాల్సిందే. నాలుగు అంకెల బదులు నిండు వీడియో. సెన్సర్, ప్రాసెసర్, డిస్‌ప్లే కలిసి వాట్లలో తింటాయి. టార్చిలైట్లలో వాడే 18650 రకం లిథియం బ్యాటరీలో సుమారు పదకొండు వాట్-గంటలుంటాయి. వాటున్నర, రెండు వాట్లు తినే స్కోపు దానితో ఆరేడు గంటలు నడుస్తుంది. ఒక రాత్రి కాపలాకు సరిపోయీ సరిపోనట్టుగా.

దీని పక్కన పాతతరం నైట్‌విజన్ గొట్టాన్ని పెట్టి చూడండి. నక్షత్రాల వెలుగును వేల రెట్లు పెంచి ఫాస్ఫర్ తెర మీద చూపే ఆ పరికరం ఒక్క ఏఏ బ్యాటరీతో నలభై, యాభై గంటలు పనిచేస్తుంది. అందులో పిక్సెళ్లు లేవు, ప్రాసెసర్ లేదు. డిజిటల్ అన్న మాట వినగానే ముందడుగే అనుకునే అలవాటు మనకుంది. శక్తి లెక్కలో ఆ పాత గొట్టం ఇవాళ్టికీ చాలా డిజిటల్ పరికరాలకన్నా ముందుంది.

థర్మల్ స్కోపుల్లో వాడే మైక్రోడిస్‌ప్లేలు స్వతహాగా అద్భుతాలే. సిలికాన్ చిప్ మీదే నేరుగా ఓఎల్‌ఈడీ పొరలు పరిచి, అంగుళం కన్నా చిన్న తెరలో పది లక్షలకు పైగా చుక్కలు ఇరికిస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇమాజిన్, మసాచుసెట్స్‌లోని కోపిన్, జపాన్ సోనీ, ఫ్రాన్స్‌లోని మైక్రోఓలెడ్ ఈ విద్యలో పేరున్నవి. 2023లో శాంసంగ్ డిస్‌ప్లే ఇమాజిన్‌ను దాదాపు 21.8 కోట్ల డాలర్లకు కొనేసింది. కళ్లకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ పరికరాల మార్కెట్ మీదే దాని చూపు. సైనిక అవసరాలకు పెరిగిన విద్య ఆటబొమ్మల డబ్బుతో ఇంకా పెరగబోతోందన్నమాట. అక్కడ సాధించే పొదుపు మళ్లీ స్కోపుల్లోకే వస్తుంది.

తెర వెలిగి ఉన్నా చూసే కన్ను లేకపోతే ఆ కరెంటు దండగ. కంటి కప్పు దగ్గర చిన్న సెన్సర్ పెట్టి, కన్ను ఆనించినప్పుడే వెలిగే ఏర్పాటు చేస్తున్నారు. తుపాకీ కదలకుండా పడి ఉంటే ఆరిపోయి, కదిలించగానే వెలిగే సైట్లు కూడా వచ్చాయి. కొన్నిటికి పైన సౌరఫలకం ఉంటుంది. బ్యాటరీల బరువు ఎంతటి సమస్యంటే, 72 గంటల పనికి వెళ్లే తమ సైనికుడు బ్యాటరీలే ఏడు కిలోలకు పైగా మోయాల్సి వస్తోందని అమెరికా సైన్యం ఏళ్లుగా చెప్పుకుంటోంది.

ఆ సైన్యమే 2022 జనవరిలో విస్కాన్సిన్‌లోని వోర్టెక్స్ ఆప్టిక్స్ మాతృసంస్థతో పెద్ద ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో రెండున్నర లక్షల దాకా స్కోపులు, గరిష్ఠంగా 270 కోట్ల డాలర్లు. ఎక్స్‌ఎమ్157 అనే ఆ పరికరం ఒకటి నుంచి ఎనిమిది రెట్లు పెంచి చూపే గాజు స్కోపు. దానికే లేజర్ దూరమాపకం, గాలి పీడనం, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు, దిక్సూచి, గుండు దారి లెక్కగట్టే కంప్యూటర్ జత చేశారు. బటన్ నొక్కితే దూరం కొలిచి, గుండు ఎక్కడ పడుతుందో ఆ చోట గుర్తు వెలిగిస్తుంది. ఆ గుర్తు వెలిగేది మామూలు గాజు దృశ్యం మీద. గాజులో చెక్కిన గీతలూ ఉన్నాయి. బ్యాటరీ చచ్చిపోతే మిగిలేది మంచి స్కోపే.

ఈ నిర్ణయం తీసుకున్నవాళ్లకు నా నమస్కారం. థర్మల్‌కు వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. పగటి స్కోపులో, బైనాక్యులర్‌లో మాత్రం దృశ్యాన్ని గాజుకే వదిలేసి, డిస్‌ప్లే పైన రెండు మాటలు చెప్పి తప్పుకోవాలి. అయితే తెలివైన యంత్రం ఉన్నంత మాత్రాన పని సులువైపోదు. పెంటగాన్ పరీక్షల విభాగం 2024 ఆర్థిక సంవత్సరపు నివేదిక ప్రకారం ఈ స్కోపు వాడకంలో సౌకర్యానికి సైనికులు సగటుకన్నా తక్కువ మార్కులే వేశారు. సెన్సర్లన్నీ చేర్చడం ఒక పని. ఊపిరి ఎగబీలుస్తున్న మనిషి గ్లవుజు వేళ్లతో వాటిని వాడగలగడం ఇంకో పని.

     

బందరులో గాజు, సియాచిన్‌లో చలి

బందరు (మచిలీపట్నం) అంటే కలంకారీ, బందరు లడ్డు, చిలకలపూడి నగలు. 1926లో అక్కడే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైందనీ, శాస్త్రీయ పరికరాలు చేసేదనీ కొత్తతరంలో చాలామందికి తెలియదు. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. ఆనాటి నుంచి మచిలీపట్నం యూనిట్ మన సైన్యానికి నైట్‌విజన్ బైనాక్యులర్లు, ఆయుధాల సైట్లు, లేజర్ దూరమాపకాలు తయారు చేస్తోంది. ఇదే కృష్ణా జిల్లా నిమ్మలూరులో దాదాపు 360 కోట్ల రూపాయలతో కట్టిన అధునాతన నైట్‌విజన్ ఉత్పత్తుల కర్మాగారాన్ని 2025 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. డెహ్రాడూన్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఐఆర్‌డీఈ ఈ రంగంలో డిజైన్లు చేస్తుంది. సరిహద్దులో జవాను కంటికి ఆనించే గాజులో కృష్ణా జిల్లా చేతుల పని ఉందన్న సంగతి మనం గర్వంగా చెప్పుకోవాల్సినది.

ఆ జవాను నిలబడే చోట్లలో ఒకటి సియాచిన్. ఐదు వేల మీటర్లకు పైన, శీతాకాలంలో మైనస్ యాభై. అక్కడ మామూలు ఆల్కలైన్ బ్యాటరీ తన సత్తువలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. లిథియం బ్యాటరీలు మెరుగు, అవి కూడా అంతంత చలిలో తగ్గుతాయి. కొత్త బ్యాటరీ అంటే హెలికాప్టరు మోసుకొచ్చిన బరువు. డిస్‌ప్లే ఒక్క మిల్లీవాట్ తక్కువ తింటే బెంగళూరు ప్రయోగశాలలో అది కాగితం మీది అంకె. ఆ మంచులో అదే ఇంకో రాత్రి చూపు.

ద్రవ స్ఫటికాల శాస్త్రంలో మనం వెనకబడ్డవాళ్లం కాదు. బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థలో ఎస్.చంద్రశేఖర్ బృందం 1977లో పళ్లేల్లాంటి అణువులతో ఏర్పడే కొత్తరకం ద్రవ స్ఫటికాలను కనిపెట్టి ప్రపంచం దృష్టిని తిప్పుకుంది. ఆయన ఆ తర్వాత స్థాపించిన ద్రవ స్ఫటిక పరిశోధనా కేంద్రమే ఇవాళ్టి సెన్స్ సంస్థ. పోలరైజర్ లేకుండా పనిచేసే ద్రవ స్ఫటిక తెరలు, కరెంటు తీసేసినా గుర్తు చెరిగిపోని తెరలు ఇవాళ ప్రపంచమంతటా పరిశోధనలో ఉన్నాయి. వెలుగును మింగకుండా, దాని దారిని కొద్దిగా తప్పించి గుర్తును చూపించడం వాటి పద్ధతి. నాభి తలంలో నేరుగా పెట్టినా చూపును మసకబార్చనివి అవే. సాలెపోగులా ఉండాలి, కావాల్సినప్పుడు మాత్రమే కనిపించాలి. ఈ దారిలో మన ప్రయోగశాలలు మరింత ముందుకు రావాలని నా గట్టి కోరిక.

కలివి కోడి కోసం

తుపాకీని పక్కన పెడదాం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. కాబట్టి మామూలు పౌరుడికి ఈ సాంకేతికత చేరేది బైనాక్యులర్ ద్వారానే. కానన్ కంపెనీ 1990లలోనే చేతి వణుకును సరిదిద్దే బైనాక్యులర్లు తెచ్చింది. రెండు ఏఏ బ్యాటరీలతో లోపలి పట్టకాన్ని కదిలించి దృశ్యాన్ని నిలబెడతాయవి. ఆస్ట్రియాలోని స్వరోవ్‌స్కీ ఆప్టిక్ 2024 జనవరిలో ఏఎక్స్ విజియో అనే బైనాక్యులర్‌ను ప్రకటించింది. పదిరెట్లు పెంచి చూపే ఈ పరికరంలో కెమెరా, కంప్యూటర్ ఉన్నాయి. పక్షిని గురి చూసి బటన్ నొక్కితే దాని పేరు కంటి ముందు కనిపిస్తుంది. తొమ్మిది వేలకు పైగా పక్షి జాతుల్ని గుర్తుపడుతుందని కంపెనీ చెబుతోంది. పక్షుల సమాచారానికి కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ ఆధారం. ధర మన లెక్కలో నాలుగు లక్షలకు పైమాటే.

నేలపట్టులో గూడకొంగల్ని, కొల్లేటిలో బాతుల్ని చూసే మన పక్షిప్రేమికుల్లో ఎందరు దాన్ని కొనగలరు? ధర సంగతి అలా ఉంచితే, పేరు ముందే తెర మీద మెరిస్తే ఈక రంగు, ముక్కు వంపు, ఎగిరే తీరు గమనించే శిక్షణ ఎప్పుడొస్తుందన్న అనుమానం నాకుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం ఆ మొదటి పేరు తలుపు తీస్తుంది. అందుకే ఆ బొమ్మను నేను కొట్టిపారేయలేను.

అసలు అవసరం మన కడప జిల్లాలోనే ఉంది. 1848లో థామస్ జెర్డన్ లోకానికి పరిచయం చేసిన కలివి కోడి అనే పక్షి 1900 తర్వాత కనిపించకుండా పోయింది. 1986లో సిద్ధవటం దగ్గర, స్థానికుల సాయంతో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మారింది. తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి జాడలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులకు దాని కూత దొరికింది. కలివి కోడి రాత్రి తిరిగేది. ముళ్లపొదల మధ్య టార్చి వేసి వెతికితే బెదిరిపోతుంది. గంటల తరబడి, టార్చి వెలగకుండా చూడగలిగే తక్కువ ఖర్చు థర్మల్ బైనాక్యులర్ అక్కడి అటవీ సిబ్బంది చేతికి వస్తే ఎంత మేలు! ఛార్జింగుకు చోటు లేని ఆ చిట్టడవిలో తెల్లవారేదాకా నిలిచే బ్యాటరీ ఉన్న పరికరమే పనికొస్తుంది. అదే పరికరం దొంగ వేటగాడి చేతిలో పడితే జరిగే నష్టమూ తెలుసు. కాబట్టి అమ్మకాల మీద అటవీ శాఖ, పోలీసు శాఖ నిఘా కూడా ఇప్పటి నుంచే ఉండాలి.

నిమ్మలూరులో కర్మాగారం వచ్చింది, గాజు మనది, డిజైన్ మనది. లోపలి మైక్రోడిస్‌ప్లే మాత్రం ఇప్పటికీ ప్రధానంగా అమెరికా, జపాన్, ఫ్రాన్స్, చైనాల్లో తయారవుతోంది. ఐఐటీ మద్రాస్‌లో అమోలెడ్ పరిశోధనా కేంద్రం ఉంది. గుజరాత్‌లోని ధోలేరాలో 2024లో శంకుస్థాపన జరిగిన టాటా చిప్ కర్మాగారం చేయబోయే వాటిలో డిస్‌ప్లే డ్రైవర్ చిప్‌లు కూడా ఉన్నాయి. సైన్యానికి ఏటా కావాల్సిన అంగుళంలోపు తెరలు సెల్‌ఫోన్ తెరల సంఖ్యతో పోలిస్తే చాలా తక్కువ. ఆ చిన్న సంఖ్య కోసం ప్రైవేటు కంపెనీ తనంతట తాను ముందుకు రాదు. కొంటామన్న హామీ ప్రభుత్వం ముందుగా ఇవ్వాలి. ఆ హామీ పత్రంలో రెండు షరతులు రాయమని అడుగుతాను. మైనస్ నలభైలో ఒక రాత్రంతా ఎన్ని మిల్లీవాట్లు తిన్నదో కొలిచి చూపాలి. తర్వాత బ్యాటరీ తీసేసి, పగటి పరికరంలో ఇంకా ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూపాలి.